పాత లెన్సు... ఇంటి వెలుతురు!

మన ఇళ్లలో ఉండే ఫోటో ఆల్బమ్ ఒకటి తీసి తిరగేసి చూడండి. పెళ్లి, ఒడుగు, బారసాల, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం... అన్నీ ఉంటాయి. అందరూ పట్టుచీరలు కట్టుకుని వరసగా నిలబడి కెమెరాకేసి గుడ్లప్పగించి చూస్తుంటారు. అదే పొద్దున్నే వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు, కిటికీ పక్కన పేపరు చదువుకుంటున్న నాన్నగారు, పాలబుగ్గలకు పప్పన్నం పూసుకున్న పసివాడు మాత్రం కనిపించరు. రోజూ చూసే దృశ్యాలే కదా, ఎక్కడికి పోతాయిలే అనుకుంటాం. ఎక్కడికి పోతాయో మనందరికీ తెలుసు. పెద్దవాళ్లు పోయాక గోడకు తగిలించి దండ వెయ్యడానికి ఒక్క ఫోటో సరైంది దొరక్క, పెళ్లి గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి పెద్దది చేయించుకున్న ఇళ్లు ఎన్ని లేవు!

ఇంట్లో ఫోటోలు తీసుకోకపోవడానికి ఒక కారణం బద్ధకమైతే, రెండోది వెలుతురు. మన వంటిళ్లలో, నడవాల్లో వెలుతురు తక్కువ. ఫ్లాష్ వేస్తే మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది, వెనకాల గోడ మీద నల్లటి నీడ పడుతుంది. పసిపిల్లలు ఉలిక్కిపడతారు. ముసలివాళ్లు కళ్లు చికిలిస్తారు. వెయ్యకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. మరెలా?

దీనికి చవకైన ఉపాయం ఒకటి బహుశా మీ బీరువా అడుగు అరలోనే ఉండి ఉంటుంది. నాన్నగారు కొన్నదో, గల్ఫ్ నుంచి బావగారు తెచ్చిందో, రీలు వేసే పాత కెమెరా. "ఇంకెందుకిది?" అని పాతసామాన్ల వాడికి వేసేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కెమెరా పాతబడింది గానీ దాని ముందున్న కన్ను, అంటే లెన్సు, బాగుంటే ఇప్పటికీ పనికొస్తుంది. ఇవాళ్టి డిజిటల్ కెమెరాకు తగిలించి హాయిగా వాడుకోవచ్చు. ఇంట్లో లేకపోతే సెకండ్‌హ్యాండులో కొనుక్కోవచ్చు. ఈ వారం దాని సంగతులు చెప్పుకుందాం.

వేగమైన లెన్సు అంటే ఏమిటి?

లెన్సు పరిగెత్తదు కదా, వేగం ఏమిటని నవ్వకండి! లెన్సు లోపల కంటిపాపలాంటి రంధ్రం ఒకటుంటుంది. దాన్ని ఎపర్చర్ అంటారు. కంటిపాపలాగే అదీ పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. ఎంత పెద్దగా తెరుచుకోగలిగితే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. అంత తక్కువ సమయంలో ఫోటో పడుతుంది. అందుకే దాన్ని వేగమైన లెన్సు అంటారు.

ఇది అంకెల్లో రాసి ఉంటుంది. తిరకాసు ఇక్కడే! అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. లెన్సు నాభ్యంతరాన్ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సులో 25 మిల్లీమీటర్ల వెడల్పు తెరుచుకుంటే ఎఫ్ 2 అన్నమాట. కొత్త కెమెరాతో పాటు మామూలుగా ఇచ్చే జూమ్ లెన్సు మీద 3.5-5.6 అని ఉంటుంది. దూరానికి లాగినప్పుడు అది 5.6 దగ్గర ఆగిపోతుంది. పాత 50 మి.మీ. లెన్సుల మీద 1.8 అనో 1.7 అనో ఉంటుంది. 5.6తో పోలిస్తే 1.8లో దాదాపు 10 రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. 3.5తో పోల్చినా నాలుగు రెట్లు. అంటే 3.5 దగ్గర సెకనులో 15వ వంతు పట్టే ఫోటో 1.8 దగ్గర 60వ వంతులో అయిపోతుంది. పదిహేనో వంతులో మన చెయ్యి వణుకుతుంది, పిల్లాడు తల తిప్పేస్తాడు. అరవయ్యో వంతులో ఒక్క క్షణం కుదురుగా ఉన్నా చాలు, మొహం నిలుస్తుంది. ట్యూబులైటు కింద, కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా తీయడానికి అంత తేడా ఉంటే చాలు.

పాతదే ఎందుకు?

ఈ 50 మి.మీ. లెన్సుల వంశం చాలా పాతది. జర్మనీలో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ అనే ఆయన 1896లో ప్లానార్ అనే లెన్సుకు రూపకల్పన చేశారు. తర్వాత వచ్చిన 50 మి.మీ. లెన్సుల్లో ఎక్కువ భాగం ఆ వరసలోనివే. 1970లు, 80ల నాటికి జపాన్ కంపెనీలు ఆ పద్ధతిని బాగా సానబెట్టాయి. ఆ రోజుల్లో కెమెరా కొంటే దాంతోపాటు ఇదే లెన్సు ఇచ్చేవారు. అందుకే లక్షల కొద్దీ తయారయ్యాయి. అన్ని ఉన్నాయి కాబట్టే ఇప్పటికీ చవగ్గా దొరుకుతున్నాయి.

ఇంకో సుగుణం - ఇందులో మోటారు లేదు, కరెంటు లేదు, చిప్పు లేదు. అద్దం, లోహం, తిప్పే చక్రాలు. అంతే! మన ఇత్తడి మరచెంబులాంటిది. సొట్ట పడకుండా, మూత జారిపోకుండా చూసుకుంటే తరాలు వస్తుంది.

మరి దీనివల్ల కష్టం లేదా అంటే, ఉంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఇల్లంతా పరుగులు పెట్టే మూడేళ్ల పిల్లాడి వెంటపడి తియ్యాలంటే పాత లెన్సు మీకు తగదు. దానంతటదే ఫోకస్ చేసే కొత్త 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సులున్నాయి, అవి చూసుకోండి. కూర్చున్న మనిషి, నిద్రపోతున్న పాప, పూజగదిలో దీపం, వడ్డించిన విస్తరి, పెరట్లో మందారం... వీటికైతే పాత లెన్సు బంగారం.

చిన్నది ఎందుకు కావాలి?

బరువైన వస్తువు ఎంత మంచిదైనా అటకెక్కుతుంది. గ్రైండరు గొప్పదే, కానీ రోజూ రెండు కొబ్బరిముక్కల పచ్చడికి చిన్న మిక్సీ జారే తీస్తాం కదూ! కెమెరా కూడా అంతే. హ్యాండుబ్యాగులో పట్టాలి. ఒక చేత్తో తియ్యగలగాలి. కూరగాయల బజారుకు వెళ్తూ కూడా వెంట ఉండాలి. అప్పుడే అది రోజువారీ కెమెరా అవుతుంది.

రంధ్రం పెద్దదయ్యే కొద్దీ అద్దాలు పెద్దవవుతాయి, బరువు పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఎఫ్ 1.4లో ఎఫ్ 2కి రెట్టింపు వెలుతురు వస్తుంది, నిజమే. కానీ 1.8కీ 1.4కీ మధ్య తేడా అంత కూడా లేదు. ఇంటి అవసరాలకు 1.7, 1.8, 2 వీటిల్లో ఏదైనా సరిపోతుంది. 1.4 కోసం, 1.2 కోసం ఎక్కువ డబ్బు పొయ్యనక్కర్లేదు. పెద్ద గిన్నె కొన్నంత మాత్రాన వంట రుచి రాదు!

ఏ లెన్సు ఎలాంటిది?

*ఒలింపస్ ఓఎం జూయికో 50 మి.మీ. ఎఫ్ 1.8:* చిన్నతనంలో దీనిది అందెవేసిన చెయ్యి. 170 గ్రాములకు మించదు. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. 45 సెంటీమీటర్ల దగ్గర దాకా ఫోకస్ అవుతుంది. కాబట్టి విస్తరి ఫోటోలకు అనువైనది. ఎపర్చర్ చక్రం లెన్సుకు ముందు వైపున ఉంటుంది. మొదట్లో వింతగా ఉన్నా రెండు రోజుల్లో అలవాటవుతుంది.

*పెంటాక్స్-ఎం 50 మి.మీ. ఎఫ్ 1.7:* 185 గ్రాములు. ఫోకస్ చక్రం నేతిలో తిప్పినట్టు మెత్తగా తిరుగుతుంది. పెంటాక్స్ కే1000 కెమెరా 1976 నుంచి 1997 దాకా తయారయింది కాబట్టి ఈ వర్గం లెన్సులు బాగానే దొరుకుతాయి.

*మినోల్టా ఎండీ 50 మి.మీ. ఎఫ్ 1.7:* చివరి రకం దాదాపు 165 గ్రాములు. రంగులు చక్కగా వస్తాయి. చవక రకాల్లో మంచి పేరున్నది.

*నికాన్ సిరీస్ ఈ 50 మి.మీ. ఎఫ్ 1.8:* చాలా పలచన, సుమారు 150 గ్రాములు. అయితే 60 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాదు. మనుషులకు సరే, లడ్డూల పళ్లేనికి కాస్త దూరమే.

*కోనికా హెక్సనాన్ 40 మి.మీ. ఎఫ్ 1.8:* 140 గ్రాములు, మందం మూడు సెంటీమీటర్ల లోపే. 40 మి.మీ. కాబట్టి గదిలో కొంచెం ఎక్కువ మేర పడుతుంది. చిన్న ఇళ్లకు ఇది ఎంతో బాగుంటుంది.

*హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్ 2:* సోవియట్ కాలంనాటి రష్యా లెన్సు. జర్మనీ బయోటార్ అనే లెన్సు దీనికి మాతృక. వెనకాల చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు పడతాయని కుర్రకారుకు దీనిమీద మోజు. కాస్త బరువు. ఇంటి లోపలికి ఇరుకు. సరదాకు కొనొచ్చు గానీ, ఉన్న ఒక్కటీ ఇదే అయితే కష్టం.

*జూపిటర్-8, 50 మి.మీ. ఎఫ్ 2:* ఇదీ రష్యాదే. చాలా తేలిక. కానీ మీటరు దూరం లోపల ఫోకస్ కాదు. ఒళ్లో పడుకున్న పాపను తియ్యాలంటే మీరే లేచి వెనక్కి జరగాలి!

*సూపర్ టకుమార్ 55 మి.మీ. ఎఫ్ 1.8:* పెంటాక్స్ వారిదే, మర బిగించే పద్ధతిది. లోహంతో చేసిన నగిషీ వస్తువులా ఉంటుంది. ఒక మాట తెలుసుకుని ఉండాలి. ఆ కాలపు కొన్ని టకుమార్ లెన్సుల అద్దంలో థోరియం అనే పదార్థం కలిపారు. దానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. ఏళ్లు గడిచాక అద్దం టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. కెమెరాకు తగిలించి మామూలుగా వాడుకుంటే భయపడాల్సింది లేదు గానీ, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వడం, పగిలితే ముక్కలు చేత్తో ఏరడం, అద్దాన్ని అరగదీయడం చెయ్యకండి. పసుపు రంగు కనిపిస్తే ఆ లెన్సు వద్దనుకున్నా నష్టం లేదు.

మీ కెమెరాకు అతుకుతుందా?

అన్నింటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. పొయ్యి మంటకూ గిన్నె అడుగుకూ మధ్య ఎడం సరిగ్గా ఉంటేనే వంట సాగుతుంది. లెన్సుకూ, వెనకాల బొమ్మ పడే చోటుకూ మధ్య కూడా అలాంటి ఎడమే ఉండాలి. ఒక్కో కంపెనీ ఒక్కో కొలత పెట్టుకుంది. పెంటాక్స్‌ది 45.46 మి.మీ., నికాన్‌ది 46.5, ఒలింపస్‌ది 46, మినోల్టాది 43.5, కానన్ ఎఫ్‌డీది 42, కోనికాది 40.5.

ఇప్పుడు వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం పెట్టె లేదు. అందుకని వాటి ఎడం చాలా తక్కువ. సోనీకి 18, కానన్ ఆర్ఎఫ్‌కి 20, నికాన్ జెడ్‌కి 16 మి.మీ. మిగిలిన ఎడాన్ని ఒక లోహపు రింగు పెట్టి పూడుస్తారు. దాన్నే అడాప్టర్ అంటారు. అందులో అద్దాలేమీ ఉండవు, ఖాళీ గొట్టమే. కాబట్టి మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే పైన చెప్పినవన్నీ పెట్టుకోవచ్చు. మీ లెన్సు పేరు, మీ కెమెరా పేరు రెండూ చెప్పి రింగు అడగండి.

అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ అయితే ఇంత స్వేచ్ఛ లేదు. కానన్ డీఎస్ఎల్ఆర్ ఎడం 44 మి.మీ. అంతకన్నా ఎక్కువ ఎడం ఉన్న పెంటాక్స్, ఒలింపస్, నికాన్ లెన్సులు రింగుతో చాలావరకు అతుకుతాయి. మినోల్టా, కోనికా, పాత కానన్ ఎఫ్‌డీ అతకవు. అతికినా దూరంగా ఉన్నవి ఫోకస్ కావు. గిన్నె ఎత్తుగా ఉంటే కింద ఇటుక తీసెయ్యొచ్చు గానీ, నేల తవ్వలేం కదా! నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నికాన్ లెన్సులే చూసుకోవడం మేలు. అందులోనూ చవక రకం కెమెరాల్లో పాత లెన్సు పెడితే వెలుతురు కొలత కెమెరా చూపించదు. మీరే అంచనా వేసుకోవాలి.

ఇంకో సంగతి దుకాణంలో చెప్పకపోవచ్చు. పొట్టి లెన్సు అని ముచ్చటపడి కొంటాం, తీరా రింగు కలిపాక పొడుగవుతుంది! పెంటాక్స్ లెన్సు మూడు సెంటీమీటర్ల చిల్లర అయితే, సోనీకి పెట్టే రింగు మరో రెండున్నర సెంటీమీటర్లు దాటుతుంది. కోనికాకు ఎడం తక్కువ కాబట్టి రింగు కూడా పొట్టిదే. జూపిటర్ లాంటివాటికి మరీ పొట్టిది. బ్యాగులో పట్టాలనుకునేవాళ్లు లెన్సునీ రింగునీ కలిపి కొలుచుకోండి.

గదికి సరిపోతుందా?

కెమెరా లోపల బొమ్మ పట్టే పలక అన్నింట్లోనూ ఒకే సైజులో ఉండదు. రీలు ఫ్రేమంత పెద్దది ఉంటే ఫుల్‌ఫ్రేమ్ అంటారు. చవక రకాల్లో చాలావాటికి అంతకన్నా చిన్నది, ఏపీఎస్-సి అనేది ఉంటుంది. పలక చిన్నదైతే అంచులు కత్తిరించినట్టు అవుతుంది. 50 మి.మీ. లెన్సుతో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు మీటరున్నర వెడల్పు పడుతుంది. ఏపీఎస్-సిలో మీటరు కూడా పడదు. అంటే ఒక మనిషి వస్తారు, పక్కనున్న మనవరాలు సగమే వస్తుంది.

మీది ఏపీఎస్-సి అయి, ఇల్లు చిన్నదైతే 40 మి.మీ. వైపు మొగ్గండి. 28 మి.మీ., 35 మి.మీ. పాత లెన్సులూ ఉన్నాయి గానీ, చవగ్గా దొరికేవి ఎక్కువగా ఎఫ్ 2.8వే. వెలుతురు కాస్త తగ్గుతుంది. దుకాణానికి వెళ్లక ముందే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. మీ కెమెరాతో వచ్చిన జూమ్‌ను 50 దగ్గర పెట్టి, కదపకుండా ఒక రోజంతా ఇంట్లో దాంతోనే తీసి చూడండి. ఇరుకనిపిస్తే 40 కూడా అలాగే చూడండి. పైసా ఖర్చు లేకుండా మీకేది కావాలో తేలిపోతుంది.

కొనేముందు - వంకాయ ఏరినట్టు!

పైకి నిగనిగలాడే వంకాయలోనే పురుగుంటుంది. పాత లెన్సు కూడా అంతే. వెళ్లేటప్పుడు చిన్న టార్చిలైటు తీసుకెళ్లండి.

ఒకటి - బూజు. లెన్సు వెనక నుంచి ఏటవాలుగా లైటు వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా, చెట్టు వేళ్లలా తెల్లగా పాకి ఉంటే బూజు పట్టినట్టే. ముదిరితే అద్దాన్ని తినేస్తుంది. తుడిచినా మచ్చ పోదు. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

రెండు - మంచు పట్టినట్టు మసక. లైటు వేసినప్పుడు లోపల పొగ కమ్మినట్టుంటే ఫోటోలు వెలవెలపోతాయి.

మూడు - గీతలు. ముందు అద్దం మీద ఒకటి రెండు సన్నగీతలుంటే ఫరవాలేదు. వెనక అద్దం మీద ఉంటే ఒప్పుకోకండి. లోపల రెండు మూడు దుమ్ము రేణువులుంటే కంగారు పడొద్దు, ఫోటోలో కనిపించవు.

నాలుగు - ఎపర్చర్ రేకులు. చక్రం తిప్పుతూ, వెనకున్న చిన్న మీటను కదిపి చూడండి. రేకులు టక్కున మూసుకుని టక్కున తెరుచుకోవాలి. నూనె మరకలుంటే, బద్ధకంగా కదిలితే విప్పి శుభ్రం చేయించాల్సి వస్తుంది.

ఐదు - ఫోకస్ చక్రం. ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకే బిగువుతో తిరగాలి. ఇసుక కరకరలాడినట్టు ఉన్నా, మరీ వదులుగా ఊగినా వదిలెయ్యండి.

ఆరు - ముందు అంచు. ఫిల్టరు బిగించే చోట సొట్ట ఉంటే ఎప్పుడో కింద పడిందన్నమాట.

వీలైతే మీ కెమెరా, రింగు పట్టుకెళ్లి అక్కడే తగిలించి నాలుగు ఫోటోలు తీసుకోండి. పోస్టులో తెప్పించుకునేటట్టయితే టార్చి వేసి తీసిన ఫోటో పంపమనండి. బాగాలేకపోతే తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడగండి. బేరంలో రింగు ధర, శుభ్రం చేయించే ఖర్చు కలుపుకుని లెక్కెయ్యండి. మొత్తం కలిపి కొత్త ఆటోఫోకస్ లెన్సు ధర దగ్గరికి వస్తోందంటే, పాతదాని మీద వ్యామోహం వదులుకుని కొత్తదే కొనుక్కోవడం సంసారపక్షం.

వాడే పద్ధతి

కెమెరా మెనూలో "లెన్సు లేకుండా షట్టర్" అనే అర్థం వచ్చే మాట ఒకటుంటుంది, దాన్ని ఆన్ చెయ్యండి. లేకపోతే పాత లెన్సును కెమెరా గుర్తుపట్టక మొరాయిస్తుంది. పైనున్న చక్రాన్ని ఏ గుర్తు దగ్గర పెడితే ఎపర్చర్ మీరు తిప్పుకోవచ్చు, మిగతా లెక్క కెమెరా చూసుకుంటుంది. ఫోకస్ కోసం తెర మీద బొమ్మను పెద్దది చేసి చూసే వీలుంటుంది. ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసి చూపించే సౌకర్యం కూడా చాలా మిర్రర్‌లెస్‌లలో ఉంది.

ఒక జాగ్రత్త. 1.8 దగ్గర పూర్తిగా తెరిచి మీటరు దూరంలో మొహం తీస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో స్పష్టంగా పడే లోతు నాలుగు సెంటీమీటర్లే. కన్ను బాగుంటే చెవి మసకబారుతుంది. కాబట్టి ఫోకస్ ఎప్పుడూ దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. వెలుతురు చాలినంత ఉంటే 4కి తిప్పండి, లోతు 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఇద్దరు ముగ్గురుంటే ఇంకా మూయాలి.

తీసేవాళ్లకు ఇంకో చిట్కా. ఇంట్లో లైట్లన్నీ వేసెయ్యకండి. ఒక్క కిటికీ తెరిచి, మనిషిని దానికి పక్కగా కూర్చోబెట్టండి. "నవ్వు, ఇటు చూడు" అనకండి. వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి. పూలమాల కడుతున్న చేతులు కూడా మొహమంత మాట్లాడతాయి.

బూజు పట్టకుండా...

కోస్తా జిల్లాల్లో వానాకాలం వస్తే ఊరగాయ జాడీకే కాదు, లెన్సుకూ గండమే. చీకటి, తడి, గాలి ఆడకపోవడం - ఈ మూడూ బూజుకు పుట్టిల్లు. పాత తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తవుడు పొడి లోపలికి పోతుంది.

అన్నిటికన్నా మంచి మందు, వారానికోసారైనా బయటికి తీసి వాడటం. అద్దాన్ని పమిట చెంగుతో తుడవడం, నోటితో ఊదడం మానండి. ముందు గాలిబుడ్డితో దుమ్ము పోగొట్టి, తర్వాత లెన్సు గుడ్డతో సుతారంగా తుడవండి. మూత తీసిన లెన్సును ఎండలో వదిలెయ్యకండి, భూతద్దంలా పనిచేసి కింద ఉన్నదాన్ని కాల్చగలదు.

కెమెరా ఎవరి చేతిలో?

చివరగా ఒక మాట. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీనదయాళ్ 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే ఇంటి ఆడవాళ్లు ఫోటో దిగడానికి వీలుగా, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికే అప్పగించారు. తర్వాత మన దేశపు మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా పేరు తెచ్చుకున్న హోమై వ్యారావాలా (1913-2012) చీరకట్టులోనే బరువైన కెమెరాలు మోసుకుంటూ ఢిల్లీలో దేశ చరిత్రను బొమ్మ కట్టారు. ఆవిడకు 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. అరచేతిలో ఇమిడే 170 గ్రాముల లెన్సు మనకు బరువా?

ఇంట్లో మగవాళ్లు "అది నీకు తెలీదులే" అంటారు. ఉప్పు ఎంత వెయ్యాలో చూడకుండా చెప్పగలిగిన చేతికి ఎపర్చర్ చక్రం ఒక లెక్కా? వారం రోజులు తిప్పితే అదే వస్తుంది. అయితే ఇంకోటి కూడా చెయ్యండి. ఫోటోలు తీసే మనిషి ఫోటోల్లో ఉండదు. అందుకని ఫోకస్ మీరే కుదిర్చి కెమెరాను పిల్లల చేతికిచ్చి, మీరు వెళ్లి ఆ కిటికీ పక్కన కూర్చోండి. వాళ్లు పెద్దయ్యాక వెతుక్కునే ఫోటో అదే.